ల్యాప్‌టాప్ లేచేలోగా

హాల్వర్, నార్త్ డకోటా
ఆగస్టు 9, 2010

చెల్లి ఆర్డిస్‌కి,

వారం నుంచి వాన లేదు. దక్షిణపు గాలి వదలకుండా వీస్తోంది. గోధుమ పూర్తిగా ఎండింది. పొద్దున మంచు ఆరగానే కోత మిషన్లు పొలాల్లోకి దిగుతున్నాయి, మధ్యాహ్నానికల్లా మా గిడ్డంగి ముందు లారీలు బారు తీరుతున్నాయి. నేను పొద్దున్నే కాటా పలక అంచుల్లో చేరిన మట్టి గోకి, పిల్లులకు పాలు పోసి, కాటా గది తలుపు తీస్తాను. ఆఖరి లారీ వెళ్ళాక మూస్తాను. మోకాలు బాగానే ఉంది. ఎలాగూ అడుగుతావని ముందే చెబుతున్నాను.

మెయిల్ రాయొచ్చుగా అంటావు. రాయను. ల్యాప్‌టాప్ తెరుచుకునేలోగా ఈ ఉత్తరం ఇంత దాకా వచ్చింది.

నా గొడవంతా దానితోనే. కిందటేడు దాకా కాటా ముల్లు చూసి చేత్తో చీటీ రాసిచ్చేవాణ్ణి. ఈ ఏడు బరువు ల్యాప్‌టాప్‌లో పడాలి, చీటీ ప్రింటర్లోంచి రావాలి. కొత్త మేనేజరు డ్వైట్ ఏర్పాటు ఇది. కుర్రాడు మంచివాడే, చేతికి గడియారం మాత్రం పెద్దది. నేను కాఫీ పెర్కోలేటరు ప్లగ్గు పెట్టి, ల్యాప్‌టాప్ బొత్తాం నొక్కుతాను. కాఫీ మరిగి, నేనొక కప్పు తాగి, కప్పు కడిగి బోర్లించాక గానీ తెర మీద బొమ్మ రాదు. ఈలోగా లారీల బారు రోడ్డెక్కుతుంది.

మొన్న డ్వైట్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "బర్నెల్ గారూ, ఏమీ అనుకోకండి. కార్డు గీకితే తూచి చీటీ ఇచ్చే యంత్రం ఉంది. గోధుమ కోతలయ్యాక రైతుల బోర్డు ముందు పెడతాను. బారు తగ్గితే సరే. తగ్గకపోతే కాటా గదిలో మనిషి అక్కర్లేదు" అన్నాడు. మనిషి అంటే నేనే. ఇంకెవరూ లేరు ఇక్కడ, పిల్లులు తప్ప.

పొలం కౌలుకిచ్చేశాక నాకున్న పని ఇదొక్కటే. ఈ కుర్చీ పోతే ఇంట్లో కుర్చీ మిగులుతుంది. దానికి ఎదురుగా గోడ ఉంది.

మీ అల్లుడు కంప్యూటర్ల దుకాణంలో పని చేస్తాడు కదా. చలికాలంలో మొండికేసిన డీజిలు బండికి ఈథరు కొట్టి లేపినట్టు, దీన్ని లేపడానికి ఏమైనా ఉందేమో కనుక్కో.

మీ అన్న
బర్నెల్


ఫార్గో
ఆగస్టు 13

మా అన్నయ్య మహాశయుడికి,

నువ్వు నాలుగు పేజీలు రాశావంటే ఏదో కొంప మునిగిందనే అనుకున్నాను. నాన్న పోయినప్పుడు పోస్టుకార్డు రాశావు.

ట్రెంట్‌ని అడిగాను. నేను మాట పూర్తి చేయకముందే, "బర్నెల్ మామయ్యకు కావలసింది ఇదే అత్తయ్యా!" అని డబ్బా తీసి చేతిలో పెట్టాడు. డిస్కు పంపుతున్నాను. ల్యాప్‌టాప్‌ని తొందరగా లేపే సాఫ్ట్‌వేరట. ట్రెంట్ చెప్పింది నాకర్థమైనంత మటుకు రాస్తాను. ల్యాప్‌టాప్ లేస్తూనే తన బలగాన్నంతా ఒక్కసారే లేపుతుందట. ప్రింటరు తాలూకు ఒకటి, వైరస్ కాపలా ఒకటి, పేకాట ఒకటి, ఎందుకున్నాయో తెలియనివి ఇంకెన్నో. అందరూ గుమ్మంలో ఒకరినొకరు తోసుకుంటారు. ఈ సాఫ్ట్‌వేర్ గుమ్మంలో నిలబడి, "నువ్వు ముందు, నువ్వు తర్వాత" అని వరస పెడుతుందట. మన చర్చి భోజనాల్లో హాట్‌డిష్ గిన్నె దగ్గర నేను చేసే పనే అది. నన్నెవరూ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

ఇంకో మాట. అది లేస్తుంటే ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూడకు. బొత్తాం నొక్కి చీపురు తీసుకో. గది ఊడ్చేలోగా అదే లేస్తుంది. ఆ గది నేను కిందటిసారి చూసినప్పుడు నేల ఏ రంగో తెలియలేదు.

మా పక్క అపార్ట్‌మెంటు ఖాళీ అయింది. కిటికీలోంచి నది కనిపిస్తుంది. మెట్లు ఎక్కక్కర్లేదు. నేను ఒత్తిడి చేయడం లేదు. ఖాళీ అయిందని చెబుతున్నాను, అంతే.

నీ మోకాలి గురించి నేనడగలేదు,
ఆర్డిస్


హాల్వర్
ఆగస్టు 21

ఆర్డిస్,

డిస్కు అందింది. మంగళవారం కొరీన్ వచ్చి పెట్టింది. కొరీన్ అంటే గిడ్డంగి ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ, నీకు తెలుసు, పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించేది. ఆవిడ దగ్గరా ఇలాంటి ల్యాప్‌టాపే ఉంది, రెండూ ఒకే రోజు కొన్నారు.

మీ అల్లుడికి చెప్పు, పని చేస్తోంది! నా కళ్ళను నేనే నమ్మలేదు. ఇదివరకు కాఫీ తాగి కప్పు బోర్లించాక వచ్చే బొమ్మ, ఇప్పుడు కాఫీ మరగడం మొదలుపెట్టకముందే వచ్చేస్తోంది. కాఫీయే వెనకబడింది. ట్రెంట్ తెలివైనవాడని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

నువ్వు చెప్పినట్టే ఊడుస్తున్నాను. నేల ఆకుపచ్చ. పాత చీపురు అరిగిపోయి కొత్తది కొన్నాను. గది ఎంత శుభ్రంగా ఉందంటే, లోపలికొచ్చేవాళ్ళు బూట్లు దులుపుకుంటున్నారు. ఓర్లిన్ నిన్న గోధుమ లారీ దిగి వచ్చి గుమ్మంలోనే ఆగి, "ఏంట్రా బర్నెల్, నిన్ను చూసుకోవడానికి పెళ్ళికూతురు గానీ వస్తోందా? ఏ ఊరు పాపం?" అన్నాడు. ఓర్లిన్ కిందటేడు బోర్డులోకి వచ్చాడు. అప్పటినుంచి నోరు ఇంకాస్త పెద్దదైంది.

బారు మాత్రం తగ్గలేదు. నిన్న చర్చి మలుపు దాకా ఉంది. ఎందుకో తెలియదు. డ్వైట్ తన లారీ ఎక్కి నిలబడి చూసి దిగాడు.

మీ నది కిందటి వసంతంలో ఎక్కడిదాకా వచ్చిందో నాకు గుర్తుంది. కిటికీలోంచి కనిపించడం ఎందుకు, లోపలికే వస్తుంది కదా.

ఉంటాను,
బర్నెల్


ఫార్గో
ఆగస్టు 26

అన్నయ్యా,

నీ ఉత్తరం ట్రెంట్‌కి చదివి వినిపించాను. తప్పు చేశాను. వాడు ఆ ముక్క కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళి దుకాణం యజమానికి చూపించాడు. ఇప్పుడు దుకాణం అద్దం మీద పెద్ద అక్షరాలతో అంటించారు: "కాఫీయే వెనకబడింది! — బర్నెల్ టి., ధాన్యం గిడ్డంగి, హాల్వర్." కింద డబ్బాలు గోపురంలా పేర్చారు. అమ్ముడవుతున్నాయట.

నువ్వంతగా పొగిడావని నేనూ ఒకటి నా ల్యాప్‌టాప్‌లో పెట్టించుకున్నాను. నిజమే, బొమ్మ చటుక్కున వచ్చింది. సంతోషంగా మెయిల్ మీద నొక్కాను. చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. నేను మేజోడు అల్లడం మొదలుపెట్టి మడమ దాకా వచ్చాను.

ట్రెంట్‌ని పిలిచాను.

"లేచింది అత్తయ్యా. ఇంకా కళ్ళు నులుముకుంటోంది, అంతే."

"లేచినట్టా, లేవనట్టా?"

"సాంకేతికంగా లేచినట్టే."

"మీ ఆవిడకి కూడా పొద్దున్నే ఇలాగే చెబుతావా? సాంకేతికంగా లేచానని?"

మా అమ్మాయి వంటగదిలోంచి, "అక్షరాలా ఇలాగే చెబుతాడమ్మా" అంది.

కనుక నాకు అనుమానం పుట్టింది. వరసలో వెనక్కి నెట్టినవాళ్ళు మాయమైపోరు కదా. వాళ్ళూ రావాలి. ముందు గది సర్ది చుట్టాలకు చూపించి, సామానంతా మంచం కిందికి తోసినట్టుంది ఈ వ్యవహారం.

మరి నీదగ్గర కాఫీ మరగకముందే ఎలా లేస్తోంది? లేస్తే బారెందుకు పెరుగుతోంది? ఏ పాత్రలో కాస్తున్నావు కాఫీ? నిజం చెప్పు.

పక్క అపార్ట్‌మెంటు చూడ్డానికి ఒక ప్లంబరు వచ్చాడు. నచ్చలేదట.

ఆర్డిస్


హాల్వర్
సెప్టెంబరు 2

అనుమానాల ఆర్డిస్‌కి,

రెండ్రోజులు చిన్న జల్లు పడింది, మిషన్లు ఆగాయి. ఈ పూట మళ్ళీ దిగాయి. మిగిలింది ఉత్తరపు పొలాలే.

కాఫీ పాత్ర గురించి అడిగావు. పాత పెర్కోలేటరు కొరీన్ డిస్కు పెట్టిన రోజే కాలిపోయింది. వాసన వస్తుంటే ల్యాప్‌టాప్ అనుకుని ఇద్దరం దాన్నే పైకెత్తి చూశాం. కొరీన్ జాలిపడి చర్చి కింది గదిలోంచి పెద్ద కాఫీ బాన తెచ్చిపెట్టింది. అంత్యక్రియల భోజనాలకు వాడతారే, అది. దానికి నెమ్మదెక్కువ, కానీ కాఫీ బాగుంటుంది. ఊళ్ళో ఎవరైనా పోతే తిరిగిచ్చేయాలి. ఇంతవరకు అందరూ సహకరిస్తున్నారు.

దీనికీ సాఫ్ట్‌వేర్‌కీ ఏమిటి సంబంధమో నాకు తెలియలేదు.

నా మాట అద్దం మీద అంటించారని నువ్వు రాయకముందే తెలుసు. ఓర్లిన్ భార్య బూట్లు కొనడానికి ఫార్గో వెళ్ళి చూసొచ్చింది. అప్పటినుంచి కాటా మీదికి వచ్చే ప్రతివాడూ కిటికీలోంచి తల పెట్టి, "సాఫ్ట్‌వేర్ దొరగారూ, కాఫీ వెనకబడిందా, తమరు వెనకబడ్డారా?" అంటున్నాడు. అని ఊరుకోకుండా లారీ దిగి లోపలికొచ్చి కప్పు పట్టుకుంటున్నాడు. ల్యాప్‌టాప్ లేచేలోగా ఎలాగూ చేసేదేమీ లేదు కదా. కూర్చుంటారు. ఎవరి గోధుమలో తేమ ఎంతుందో, ఎవరి కోత మిషను బెల్టు తెగిందో చెప్పుకుంటారు. ఓర్లిన్ ఆబోతు అమ్మకానికి పెట్టిన సంగతి ఇక్కడే తెలిసింది, ఇక్కడే అమ్ముడుపోయింది.

డ్వైట్ కబురు పెట్టాడు. యంత్రం కంపెనీ మనిషి అక్టోబరు మొదట్లో వస్తాడట, ఒకదాన్ని తెచ్చి పెట్టి చూపిస్తాడట. ఆ సాయంత్రమే బోర్డు కూర్చుంటుంది.

నాకు రాత్రి భోజనం సయించలేదు. బహుశా సాసేజి పాతది.

బర్నెల్


ఫార్గో
సెప్టెంబరు 7

బర్నెల్,

అన్నయ్యా అని కూడా రాయబుద్ధి కావడం లేదు.

చిన్న పాత్ర తీసేసి శవాల భోజనాల బాన పెట్టి, కాఫీ మరగకముందే ల్యాప్‌టాప్ లేచిందని ఊరంతా చాటావు! ల్యాప్‌టాప్ తొందరగా లేవలేదు. కాఫీ ఆలస్యంగా మరిగింది. ఈ సంగతి ట్రెంట్‌కి చెబితే వాడి మొహంలో రంగు దిగిపోయింది. అద్దం మీద కాగితం గురించి ఇంకా యజమానికి చెప్పలేదట.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. కొరీన్ దగ్గర అలాంటి ల్యాప్‌టాపే ఉందన్నావు కదా, రెండూ ఒకే రోజు కొన్నారని. ఆమె దాంట్లో ఈ డిస్కు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఒకేసారి నొక్కండి. బొమ్మ వచ్చిందా అని చూడొద్దు. చీటీ ముందు దేంట్లోంచి వస్తుందో చూడండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

నీ కుర్చీ గురించి నాకు దిగులుగా ఉంది. సాసేజి పాతదైతే పారేయ్.

ఆర్డిస్


హాల్వర్
సెప్టెంబరు 14

చెల్లీ,

గోధుమ అయిపోయింది. సోయా ఇంకా పచ్చిగానే ఉంది. లారీలు ఒకటీ అరా వస్తున్నాయి. అందుకని నువ్వు చెప్పిన పందెం నిన్న పెట్టాం.

కొరీన్ తన ల్యాప్‌టాప్ తెచ్చింది. రెండూ కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాం. ఓర్లిన్, అతని తమ్ముడు, ఇంకో ఇద్దరు వచ్చారు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఓడినవాడు కాఫీ బాన కడగాలని పందెం. ఓర్లిన్ నా వైపు కాశాడు. అతని తమ్ముడు అతని వైపు ఎప్పుడూ కాయడు కనుక కొరీన్ వైపు వెళ్ళాడు. డ్వైట్ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు.

ఓర్లిన్ టోపీ కింద పడేశాడు. ఇద్దరం నొక్కాం.

బొమ్మ నా దాంట్లోనే ముందు వచ్చింది. ఓర్లిన్ బల్ల మీద కొట్టాడు. "వచ్చేసింది! కడుక్కోండ్రా బాన!"

"బొమ్మను చూసి లారీ తూస్తావా?" అంది కొరీన్. "తెర మీద కాటా కిటికీ తెరవమను, చూద్దాం."

నేను కాటా గుర్తు మీద నొక్కాను. చక్రం తిరిగింది. ఇంకోసారి నొక్కాను. అప్పుడు తెర మధ్యలో ఒక పెట్టె ఊడిపడింది. "అభినందనలు! మీ ల్యాప్‌టాప్ ఇదివరకటికన్నా తొందరగా లేచింది!" అని ఉంది. అది సరిగ్గా కాటా గుర్తు మీదే కూర్చుంది. మూయబోతే, "నిజంగానే మూయమంటారా?" అని అడిగింది. అవునన్నాను. మళ్ళీ చక్రం.

ఈలోగా కొరీన్ ప్రింటరు టకటకా చీటీ కక్కేసింది.

ఓర్లిన్ తమ్ముడు, "తొందరగా లేచానని చెప్పుకోడానికే దానికి టైమంతా సరిపోయింది" అన్నాడు.

ఓర్లిన్ టోపీ తీసి దులుపుకున్నాడు. "మా తోడల్లుడు ఇంతే. కోతకు పిలిస్తే అందరికన్నా ముందొస్తాడు. వచ్చి బండిలోంచి దిగడు."

న్యాయంగా ఉండాలని ఇంకోసారి పెట్టాం. ఈసారి ఆ పెట్టె రాలేదు. రెండు చీటీలూ కలిసే వచ్చాయి, ఏది ముందో చెప్పలేం. కనుక మీ అల్లుడి సాఫ్ట్‌వేర్ చెడ్డదని అనను. మొహం ముందు చూపిస్తుంది, పని ఎప్పటిలాగే చేస్తుంది. ఓర్లిన్ బాన కడిగాడు. మూత మీద గీత పెట్టాడు, చర్చివాళ్ళకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

డ్వైట్ అంతా చూసి, "అయితే ఇక యంత్రమే దారి బర్నెల్ గారూ" అని వెళ్ళిపోయాడు. మెల్లగానే అన్నాడు.

అందరూ వెళ్ళాక ల్యాప్‌టాప్ ఆపేశాను. పందెం అని కాదు, ఎలాగూ లారీ లారీకీ ఆపుతాను కదా. ఆ పూట తలుపు తొందరగా మూసేశాను.

బర్నెల్


ఫార్గో
సెప్టెంబరు 17

లారీ లారీకీ ఆపుతావా???

ఈ ఉత్తరానికి సంబోధన లేదు. కూర్చుని రాయడం కూడా లేదు, నిలబడి రాస్తున్నాను.

నువ్వు పొద్దున ఒక్కసారి లేపి రాత్రి ఆపుతావని అనుకున్నాను. ప్రపంచమంతా అదే చేస్తుంది. బొత్తాం నొక్కి ఊడ్చుకోమన్నది పొద్దున ఒక్కసారి! చీపురు అరిగిందని రాస్తే ముసలాడికి శుభ్రత పట్టుకుందనుకున్నాను. లారీ నిండుగా వస్తుంది, లేపుతావు, తూస్తావు, ఆపుతావు. అదే లారీ దించుకుని ఖాళీగా వస్తుంది, మళ్ళీ లేపుతావు, ఊడుస్తావు, తూస్తావు, ఆపుతావు. బర్నెల్!

ట్రెంట్‌కి చెప్పాను. దుకాణంలో నేల మీద కూర్చుని నవ్వాడట. మధ్యలో ఒకసారి లేచి అద్దం మీద కాగితం పీకేసి, మళ్ళీ కూర్చున్నాడట.

ఇది నాన్న పెంపకం. నాకు తెలుసు. మనూరికి కరెంటు తీగ వచ్చిన కొత్తలో ఆదివారం చర్చికి వెళ్తూ ఆయన మెయిన్ కట్టేసేవాడు, ఎవరూ చూడనప్పుడు కరెంటు వృథాగా పోతుందని. నువ్వు పక్కనే నిలబడి టార్చిలైటు పట్టుకునేవాడివి. నేనూ తక్కువదాన్ని కాను, ఫ్రిజ్ తలుపు తీసి ఆలోచించను, ఆలోచించుకుని తీస్తాను. కానీ ల్యాప్‌టాప్‌ని వదిలేయాలి బర్నెల్. అది తినేది మీ పిల్లి తాగే పాలపాటి కూడా ఉండదట.

ట్రెంట్ ఇంకోటి కూడా ఒప్పుకున్నాడు. పొద్దున ఒక్కసారి లేపేదానికి ఏ డిస్కూ అక్కర్లేదట. అవసరం లేని బలగాన్ని తీసేస్తే చాలట. నా దాంట్లో పేకాట, వాన సూచన, ఎప్పుడో పారేసిన ప్రింటరు తాలూకు ముక్క తీసేశాడు. ఇప్పుడు మేజోడు రెండు వరసలు కూడా సాగడం లేదు.

సోయా మొదలవ్వకముందే ఈ ఉత్తరం నీకు అందాలి. ఆపకు. ఆపకు. ఆపకు.

ఆ.


హాల్వర్
సెప్టెంబరు 26

ఆర్డిస్,

సోయా మొదలైంది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, దుమ్ము. నువ్వు చెప్పినట్టే సోమవారం పొద్దున లేపి వదిలేశాను. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను.

బారు లేదు. ఒక్క లారీ కూడా ఆగలేదు. కాటా ఎక్కడం, నేను నొక్కడం, చీటీ కిటికీలోంచి ఇవ్వడం, పోవడం. డ్రైవర్లు బండి దిగలేదు. మంగళవారం అంతే. బుధవారం బాన నిండా కాఫీ కంకర మీద పారబోశాను. ఎవరి సోయాలో తేమ ఎంతో నాకు తెలియలేదు. ఓర్లిన్ కోడలికి పాప పుట్టిందట, పేపర్లో చూసి తెలుసుకున్నాను.

డ్వైట్ సంతోషపడ్డాడు. గడియారం చూసుకుని, "అద్భుతం బర్నెల్ గారూ! ఇప్పుడు చూడండి, మీరు చేసేది ఒక్క నొక్కుడే కదా. అది యంత్రం ఇంకా తేలిగ్గా చేస్తుంది" అన్నాడు. అంటే బారు ఉంటే నేను పనికిరాను, బారు లేకపోతే నా అవసరం లేదు.

గురువారం ఓర్లిన్ లారీ కాటా మీద ఆపి దిగి లోపలికొచ్చాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఈ తొందరేంట్రా? చీటీ మొహాన కొట్టి పంపిస్తున్నావు. నేనేమైనా అన్నానా?"

ల్యాప్‌టాప్ ఆపడం లేదని చెప్పాను. అతను దానికేసి చూశాడు. చెయ్యి చాపి, బొత్తాం నొక్కి, అది పూర్తిగా ఆరేదాకా పట్టుకున్నాడు.

"అయ్యో, ఆరిపోయినట్టుందే" అన్నాడు. కప్పు తీసుకున్నాడు.

అతని వెనక వచ్చినవాడూ అంతే. నేను లేపుతున్నాను, వాళ్ళు ఆపుతున్నారు. శుక్రవారానికి బారు చర్చి మలుపు దాటింది. డ్వైట్ కొరీన్ని పిలిచి ల్యాప్‌టాప్ పాడైందేమో చూడమన్నాడు. ఆమె చూసి, "వయసైపోయింది పాపం" అంది. అది కొని ఏడాది కాలేదు.

బోర్డు అక్టోబరు ఆరున.

బర్నెల్


ఫార్గో
సెప్టెంబరు 30

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి మా అమ్మాయికి, ఒకసారి ట్రెంట్‌కి, ఒకసారి లాండ్రీ గదిలో ఎవరూ లేనప్పుడు నాకు.

ఒక్క ప్రశ్న. నాన్న సంగతి పక్కన పెట్టు. నువ్వు నలభై ఏళ్ళు ట్రాక్టరు నడిపావు. చలికాలంలో డీజిలు ఇంజను ఆపితే మళ్ళీ లేవదని, ఆపకుండా వదిలేసి భోజనానికి వచ్చేవాడివి. లేపడానికి కష్టమైనదాన్ని ఆపకూడదని నీకు తెలియదా? నిజంగా తెలియకనే ఆపావా?

పక్క అపార్ట్‌మెంటువాళ్ళు ఎనిమిదో తారీఖు దాకా ఆగుతామన్నారు. యంత్రం వస్తే రా. రాకపోతే రావద్దు. ఈ మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను.

ఆరున ఇస్త్రీ చొక్కా వేసుకో.

నీ చెల్లెలు
ఆర్డిస్


హాల్వర్
అక్టోబరు 7

చెల్లి ఆర్డిస్‌కి,

నువ్వడిగినదానికి: మొన్న రాత్రి గడ్డ కట్టేంత మంచు పడింది. మొక్కజొన్న ఇంకా నిలబడే ఉంది.

యంత్రం కంపెనీ మనిషి నిన్న పొద్దున ట్రైలరు మీద దాన్ని తెచ్చాడు. నిలువెత్తు పచ్చ డబ్బా, దానికి చిన్న తెర. మర్యాదస్తుడు. కాటా పక్కనే నిలబెట్టి తీగలు కలిపాడు. నన్ను కాటా గదిలోంచి బయటికి వచ్చి నిలబడమన్నాడు డ్వైట్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గడ్డి కుప్ప దగ్గర నిలబడ్డాను.

మొదటి లారీ ఓర్లిన్‌ది, సోయా నిండుగా ఉంది. అతను కార్డు గీకాడు. యంత్రం ఏదో అడిగింది. ఏమడిగిందో చూద్దామని తమ్ముడు వచ్చాడు. వెనక లారీలవాళ్ళు దిగి వచ్చారు. గిడ్డంగిలోంచి ఇద్దరు, కొరీన్, బోర్డు సభ్యులు, అందరూ ఆ తెర చుట్టూ మూగారు. కొత్త వస్తువు కదా. యంత్రం చీటీ ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఓర్లిన్ వెళ్ళి దించుకుని ఖాళీ లారీతో తిరిగొచ్చాడు. అప్పటికి వాళ్ళంతా కాఫీకి వెళ్ళారు. యంత్రం ఖాళీ బరువు తూచి, తేడా చూపించి, లెక్క తేల్చింది.

కొరీన్ చీటీ చూసి, "ఈ లారీలో ఇంత సోయా పట్టదే" అంది.

వాళ్ళందరూ నిలబడి చూసింది కాటా పలక మీదే.

నేనుంటే కిటికీలోంచి అరుస్తాను. రోజూ అరిచేదే, "దిగండ్రా కిందికి!" అని. నిన్న నన్ను అరవమని ఎవరూ అనలేదు. నేను గడ్డి కుప్ప దగ్గర ఉన్నాను.

ఓర్లిన్ చీటీ డ్వైట్ చేతిలో పెట్టాడు. "అయితే మా అందర్నీ సోయా కింద కొన్నారా? మా తమ్ముడికి తేమెక్కువ, చూసి కోత వేసుకోండి. కొరీన్ని మాత్రం మంచి ధరకి తీసుకోండి, శుభ్రమైన సరుకు."

"నన్ను తూచింది చాలు, చదవొద్దు!" అంది కొరీన్.

యంత్రం మనిషి, పలక మీద నిలబడవద్దని ఒక బోర్డు రాసి పెడితే సరిపోతుందన్నాడు. "మేం బోర్డులు చదవం. మాకు తిట్టేవాడు కావాలి" అన్నాడు ఓర్లిన్. డ్వైట్ కూడా నవ్వాడు. అతను నవ్వగా చూడ్డం నాకిదే మొదలు.

సాయంత్రం బోర్డు కూర్చుంది. నన్ను బయట కూర్చోబెట్టారు. తొందరగానే తలుపు తీశారు. యంత్రం వద్దు, కాటా గదిలో మనిషి ఉండాలి, కోతల్లో ల్యాప్‌టాప్ ఆపకూడదు, ఆపితే ఎవరు ఆపినా జీతంలో కోత అని రాసుకున్నారు. ఓర్లిన్‌కి జీతం లేదు కనుక తనకిది వర్తించదని లేచి చెప్పాడు. అది కూడా రాసుకున్నారు.

పక్క అపార్ట్‌మెంటు ఎవరికైనా ఇచ్చేయమను. క్రిస్మస్‌కి వస్తాను, నది గడ్డ కట్టి ఉంటుంది.

ఇంకేమీ విశేషాలు లేవు. యంత్రం కంపెనీ మనిషి నిన్న చీకటిపడ్డాక వెళ్ళాడు. యంత్రం ఈ పొద్దున వెళ్ళింది.

బర్నెల్